చక్కెర వ్యాధి, ఆరోగ్య బీమా: వెనుకటి చరిత్ర కొంత

పెన్షనర్లు నలుగురు ఒకచోట చేరితే ముందు డి.ఎ. బకాయిల మాట వస్తుంది, ఆ వెంటనే షుగరు మాట వస్తుంది. మన సమావేశాల్లో కూడా టీ రెండు ఫ్లాస్కుల్లో తేవలసి వస్తున్నది, పంచదార వేసినది ఒకటి, వేయనిది ఒకటి. మూడవ మాట హెల్త్ కార్డు, బీమా, ఆస్పత్రి బిల్లు. రెండవ మాటకూ మూడవ మాటకూ ఉన్న సంబంధాన్ని గురించి ఈ ప్రత్యేక సంచికలో కొంత వివరంగా చెప్పాలని నా ప్రయత్నం. ఇది వైద్య సలహా కాదు, చరిత్ర మాత్రమే.

ఆరోగ్య బీమా ఎక్కువ మందికి ఉన్న ప్రాంతంలో చక్కెర వ్యాధి తక్కువగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. లెక్కలు ముందు పెట్టుకుని చూస్తే ఆ నమ్మకం నిలవదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఇంట్లో ఒక్కరికైనా ఏదో ఒక ఆరోగ్య బీమా గాని పథకం గాని ఉన్న కుటుంబాలు దేశం మొత్తం మీద 41 శాతం. రాజస్థాన్‌లో 88 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 80 శాతం. ఇక భారత వైద్య పరిశోధన మండలి చెన్నైలోని మధుమేహ పరిశోధకులతో కలిసి 2008 నుండి 2020 వరకు రాష్ట్రాలన్నీ తిరిగి లక్షా పదమూడు వేల మందిని పరీక్షించింది. ఆ ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో పెద్దవారిలో 11.4 శాతం మందికి, అనగా సుమారు 10 కోట్ల మందికి చక్కెర వ్యాధి ఉన్నదని తేలింది. గోవాలో 26.4 శాతం, పుదుచ్చేరిలో 26.3, కేరళలో 25.5, ఉత్తరప్రదేశ్‌లో 4.8. ఈ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూసినవారికి ఒకటి పెరిగితే రెండవది తగ్గే వరుస ఎక్కడా కనిపించదు. కేరళలో వైద్య సదుపాయాలు తక్కువ అని ఎవరూ అనరు గదా.

కనుక బీమా వలన షుగరు తగ్గుతుందా పెరుగుతుందా అన్న ప్రశ్నే సరైనది కాదని నా అభిప్రాయం. ఆ బీమా దేనికి డబ్బు ఇస్తున్నది, ఏ దశలో ఇస్తున్నది అని అడగాలి. దానికి ముందు ఈ వ్యాధిని ఎలా లెక్కపెట్టారో కొంచెం తెలుసుకోవాలి.

చక్కెర వ్యాధి మనకు కొత్తది కాదు. మూత్రం తియ్యగా ఉండటం, చీమలు పట్టడం గురించి మన ఆయుర్వేద గ్రంథాలలో ఉన్నది. అయితే ఎంతమందికి ఉన్నదన్న లెక్క మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది. 1970వ దశకం మొదట్లో వైద్య పరిశోధన మండలి అహ్మదాబాదు, కలకత్తా, కటక్, ఢిల్లీ, పూనా, త్రివేండ్రంలలో ఒక సర్వే చేసింది. పట్టణాలలో 2.1 శాతం, పల్లెలలో 1.5 శాతం అని తేలింది. అప్పటి పరీక్ష పద్ధతి వేరు, ఇప్పటి పద్ధతి వేరు. అందుచేత ఆ అంకెనూ ఇప్పటి అంకెనూ తీసివేసి ఇంత పెరిగింది అని చెప్పడం సరికాదు. పెరిగిన మాట మాత్రం నిజం.

2000 సంవత్సరంలో ఆరు మహానగరాలలో జరిగిన సర్వే ఫలితం మన వాళ్ళు గుర్తు పెట్టుకోవలసినది. బొంబాయిలో 9.3 శాతం, ఢిల్లీలో 11.6, కలకత్తాలో 11.7, బెంగుళూరులో 12.4, మద్రాసులో 13.5, హైదరాబాదులో 16.6. అన్నిటికంటే పైన ఉన్నది మన హైదరాబాదే. బిర్యానీ మీద నింద వేసినవారు ఉన్నారు, తెల్లటి పాలిష్ బియ్యం మీద వేసినవారు ఉన్నారు, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం మీద వేసినవారు ఉన్నారు. ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళ ముందు కూర్చున్న మనకు ఆ మూడవ నింద కొంచెం గట్టిగానే తగులుతుంది.

పల్లెల సంగతి 2005లో బయటపడింది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 20 గ్రామాలలో ముప్ఫై ఏళ్ళు దాటిన సుమారు 4,500 మందిని పరీక్షించారు. తమకు షుగరు ఉన్నదని తెలిసినవారు 6.4 శాతం. ఉన్నా ఆ సంగతి తెలియనివారు 6.8 శాతం. మొత్తం కలిపితే 13.2 శాతం. అంటే వ్యాధి ఉన్నవారిలో సగానికి పైగా మందికి ఆ సంగతే తెలియదు. ఆ గ్రామాలలో ఆ రోజున ఎవరైనా కేవలం డాక్టరు చీటీలు చూసి లెక్క వేసి ఉంటే షుగరు 6.4 శాతమే అని రాసుకుని పోయేవారు.

ఇక్కడే బీమా ప్రవేశిస్తుంది. ఈ వ్యాధికి నొప్పి లేదు, జ్వరం లేదు. ఎవరో రక్తం తీసి చూస్తేనే బయటపడుతుంది. చూడటానికి డబ్బు కావాలి, లేదా చూడమని అడిగే వ్యక్తి కావాలి. వెనుకటి రోజుల్లో అలా అడిగినది ఆస్పత్రి కాదు, జీవిత బీమా కంపెనీ. పాలసీ తీసుకోబోయే మనిషి మూత్రం పరీక్ష చేయించడం వారి ఆనవాయితీ. ఏ బాధా లేకుండా తిరుగుతున్న మనిషికి చక్కెర వ్యాధి ఉన్నదని ఆ పరీక్షలోనే తెలిసిన సందర్భాలు ఎన్నో. అమెరికాలో ఈ వ్యాధికి ప్రసిద్ధి చెందిన డాక్టర్ ఇలియట్ జాస్లిన్ తన లెక్కలకు మెట్రోపాలిటన్ జీవిత బీమా కంపెనీ గణాంక విభాగంతో కలిసి పనిచేశారు. ఆ పరీక్ష రోగి మేలు కోసం కాదు, కంపెనీ మేలు కోసం. అయినా ఈ వ్యాధి ఎంత వ్యాపించి ఉన్నదో వైద్యులకు తెలియడానికి అది తోడ్పడింది.

బీమాకూ ప్రాంతాల వారీ షుగరుకూ ఉన్న సంబంధం అంకెలలో స్పష్టంగా కనిపించిన చోటు కూడా అమెరికాయే. అక్కడ మన పిల్లలు స్థిరపడినవారు ఎందరో ఉన్నారు కాబట్టి, మనలో చాలామంది ఆరు నెలలు అక్కడ ఉండి వచ్చినవారు కాబట్టి, ఆ దేశపు సంగతి కొంచెం విపులంగా రాయడం తప్పు కాదనుకుంటాను.

2011లో ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థవారు పటం మీద ఒక పట్టీ గీసి దానికి "డయాబెటిస్ బెల్టు" అని పేరు పెట్టారు. 15 రాష్ట్రాలలోని 644 కౌంటీలు అందులో ఉన్నాయి. కౌంటీ అంటే మన జిల్లా వంటిది, అయితే చాలా చిన్నది. మిసిసిపీ రాష్ట్రమంతా అందులోనే ఉన్నది. అలబామా, జార్జియా, దక్షిణ కరోలినా, లూసియానా, టెన్నెసీ మొదలైనవాటిలో కొన్ని భాగాలు ఉన్నాయి. ఆ పట్టీలో షుగరు 11.7 శాతం, దాని బయట 8.5 శాతం. ఇది డాక్టరు చెప్పగా తమకు తెలిసినవారి లెక్క మాత్రమే. తెలియనివారు ఇందులో లేరు.

తరువాత 2014 జనవరిలో, ఒబామా తెచ్చిన చట్టం ప్రకారం, బీదవారికి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ అనే వైద్య సదుపాయాన్ని విస్తరించారు. అంతకు రెండేళ్ళ ముందే, విస్తరించడమా మానడమా అన్నది ఆయా రాష్ట్రాల ఇష్టమని సుప్రీంకోర్టు చెప్పింది. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకోనివాటిలో ఈ పట్టీలోని రాష్ట్రాలు చాలా ఉన్నాయి. ఒక పెద్ద లాబొరేటరీ సంస్థ రక్తపరీక్షల రికార్డులను తీసి, 2013 మొదటి ఆరు నెలలనూ 2014 మొదటి ఆరు నెలలనూ పోల్చి చూశారు. మెడికెయిడ్‌ను విస్తరించిన రాష్ట్రాలలో ఆ పథకం కింద కొత్తగా షుగరు బయటపడినవారి సంఖ్య 23 శాతం పెరిగింది. విస్తరించని రాష్ట్రాలలో పెరుగుదల అర శాతం కూడా లేదు, 0.4 మాత్రమే.

పైపైన చదివినవారు దీనిని చూసి "బీమా ఇచ్చారు, షుగరు పెరిగింది" అనవచ్చు. ఆరు నెలల్లో ఎవరి ఒంట్లోనూ చక్కెర అలా పెరగదు. ఉన్నదే బయటపడింది. పరీక్షకు డబ్బు లేక ఇంట్లో ఉండిపోయినవారు కార్డు చేతికి రాగానే వెళ్ళి చూపించుకున్నారు. గోదావరి జిల్లాలలో తమ సంగతి తమకు తెలియని ఆ 6.8 శాతం వంటివారే వీరూను. అందుచేత బీమా వచ్చిన ప్రాంతంలో మొదట్లో షుగరు లెక్క పెరగడం చెడ్డ గుర్తు కాదు. పెరగకపోతేనే అనుమానించాలి.

అయితే కార్డు ఉన్నంత మాత్రాన సరిపోతుందా? దీనికి కూడా అమెరికా చరిత్రలోనే ఒక విచిత్రమైన సమాధానం ఉన్నది. 65 ఏళ్ళు దాటినవారికి, అనగా మన వంటివారికి, మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య బీమాను 1965 జులై 30న జాన్సన్ ప్రెసిడెంటుగా ఉండగా చట్టం చేశారు. ఆస్పత్రి ఖర్చు, డాక్టరు ఫీజు అందులో ఉన్నాయి. ఇంటి దగ్గర వేసుకునే మందుల ఖర్చు లేదు. ఇన్సులిన్ సీసా గాని షుగరు బిళ్ళ గాని ముసలివారు తమ జేబులోనుండే కొనుక్కోవాలి.

ఆ తరువాత ఆరేళ్ళకు, 1971 నవంబరులో, షెప్ గ్లేజర్ అనే మూత్రపిండాల రోగి అమెరికా పార్లమెంటు కమిటీ ఎదుటే డయాలిసిస్ యంత్రానికి అమర్చుకుని కూర్చుని తమ గోడు చెప్పుకున్నాడు. ఒక మనిషి రక్తం గొట్టాలలో యంత్రంలోకి పోయి తిరిగి రావడం సభ్యులు కళ్ళారా చూశారు. మరుసటి ఏడు చట్టం మారింది. 1973 జులై నుండి మూత్రపిండాలు పూర్తిగా పాడైనవారికి వయస్సుతో నిమిత్తం లేకుండా, ముప్ఫై ఏళ్ళవాడైనా సరే, డయాలిసిస్ ఖర్చు మెడికేర్ భరించడం మొదలుపెట్టింది. మంచి పనే. ఎన్నో ప్రాణాలు నిలిచాయి.

కాని మూత్రపిండాలు అంతగా పాడు కావడానికి ఆ దేశంలో మొదటి కారణం చక్కెర వ్యాధి. పాడు కాకుండా కాపాడే ఇన్సులిన్‌కూ బిళ్ళలకూ మెడికేర్ డబ్బు ఇవ్వడం ఎప్పుడు మొదలైంది? 2006 జనవరిలో. మధ్యలో 1998లో వేలికొన నుండి చుక్క రక్తం తీసి చూసుకునే పట్టీలకు మాత్రం అందరికీ ఇచ్చారు. అంటే షుగరు ఎంత ఉన్నదో చూసుకోవడానికి ఎనిమిదేళ్ళ ముందే డబ్బు వచ్చింది, దానిని తగ్గించుకునే మందుకు రాలేదు. మూత్రపిండం పోయిన తరువాత ఇచ్చే డబ్బుకూ పోకముందు ఇచ్చే డబ్బుకూ మధ్య 33 ఏళ్ళు గడిచాయి. ఒక ఉద్యోగి సర్వీసు అంత కాలమన్నమాట.

ఇన్సులిన్‌ను కనిపెట్టినవారు 1923లో దాని పేటెంటును టొరంటో విశ్వవిద్యాలయానికి తలకొక డాలరు పుచ్చుకుని ఇచ్చివేశారు. అందరికీ చవకగా అందాలని వారి ఉద్దేశం. అదే మందుకు అమెరికాలో మెడికేర్ రోగి దగ్గర నెలకు 35 డాలర్లకు మించి తీసుకోరాదని చట్టం చేయడానికి 2022 దాకా పట్టింది, అమలు 2023 నుండి. మధ్యలో వంద ఏళ్ళు.

ఒక సంగతి ఇక్కడే చెప్పి ముందుకు పోతాను. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళేటప్పుడు మనం తీసుకునే ప్రయాణ ఆరోగ్య బీమాలో, ముందే ఉన్న జబ్బులకు సాధారణంగా వర్తించదని రాసి ఉంటుంది. కొన్నిటిలో హఠాత్తుగా ముదిరితే మాత్రం ఇస్తామని ఉంటుంది. షుగరు ముందే ఉన్న జబ్బు. ఆరు నెలల మందులు ఇక్కడే కొని, డాక్టరు చీటీతో సహా పెట్టెలో పెట్టుకుని వెళ్ళడం మన వాళ్ళు అనుభవం మీద నేర్చుకున్నారు.

ఇప్పుడు మన దేశానికి వద్దాము. తమాషా ఏమిటంటే, మన దగ్గర మొదలుపెట్టినప్పుడు సరైన పద్ధతిలోనే మొదలుపెట్టారు. 1948 చట్టం ప్రకారం ఇ.ఎస్.ఐ. పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూగారి చేతుల మీదుగా ప్రారంభమైంది. ఫ్యాక్టరీ కార్మికుడు డిస్పెన్సరీకి వెళితే డాక్టరు చూసి మందు ఇచ్చేవారు. మంచం ఎక్కవలసిన అవసరం లేదు. 1954లో ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగులకు సి.జి.హెచ్.ఎస్. వచ్చింది. అక్కడా డిస్పెన్సరీయే, అక్కడా నెల నెలా మందులు. క్యూలు ఉన్నాయి, రాసిన మందు స్టాకు లేదనడం ఉన్నది, ఆ బాధలు పడినవారికి చెప్పనవసరం లేదు. అయినా షుగరు వంటి జబ్బుకు కావలసినది అదే ఏర్పాటు: నెలకొకసారి చూసే డాక్టరు, చేతికి వచ్చే మందు.

1986లో ప్రభుత్వ సాధారణ బీమా కంపెనీలు మెడిక్లెయిం పాలసీని తెచ్చాయి. దాని తీరు పూర్తిగా వేరు. ఆస్పత్రిలో కనీసం 24 గంటలు పడుకుంటేనే డబ్బు. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బులకు లేదు. షుగరు ఉన్నవాడికి ఈ రెండు షరతులూ రెండు తలుపులు మూసినట్లే. అతని జబ్బు ముందే ఉన్నది, అతని ఖర్చు మంచం మీద కాదు మందుల దుకాణంలో జరుగుతుంది. అప్పటి నుండి మన దేశంలో "ఆరోగ్య బీమా" అన్న మాటకు "ఆస్పత్రి బీమా" అనే అర్థం స్థిరపడిపోయింది.

2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖర రెడ్డిగారి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీని ప్రారంభించింది. తరువాత రాష్ట్రమంతటా విస్తరించింది. గుండె ఆపరేషన్లు, క్యాన్సరు, మూత్రపిండాల చికిత్స, ఇవి తెల్లకార్డువారికి ఎన్నడూ అందనివి, అందాయి. ఆ పథకాన్ని చిన్నచూపు చూసే ఉద్దేశం నాకు లేదు. కాని అది కూడా మెడిక్లెయిం అచ్చులోనే పోసినది. షుగరు బిళ్ళకు అందులో చోటు లేదు. షుగరు ముదిరి గుండె రక్తనాళాలు మూసుకుపోతే చోటు ఉన్నది, మూత్రపిండాలు పాడై డయాలిసిస్‌కు వస్తే చోటు ఉన్నది. 1973లో అమెరికా ఏ మలుపు దగ్గర నిలబడిందో మనమూ అక్కడే నిలబడ్డాము.

ఆ లోటు అప్పటి ప్రభుత్వానికి తెలియదని చెప్పలేము. 2009లో 104 వాహనాలు పల్లెలకు బయలుదేరాయి. నెలకొకసారి నిర్ణయించిన తేదీన ఊరికి వచ్చి, రక్తం చూసి, బి.పి.కీ షుగరుకూ మందులు ఇచ్చేవి. మహానగరాల ఆస్పత్రుల ఫోటోల ముందు ఆ తెల్ల వ్యాను పెద్ద విశేషంగా కనిపించదు. చక్కెర వ్యాధి మట్టుకు చూస్తే, నా దృష్టిలో, ఆరోగ్యశ్రీ కంటె ఆ వ్యాను చేయగలిగిన మేలే ఎక్కువ. నెల మధ్యలో మందు అయిపోతే మళ్ళీ తేదీ దాకా ఆగాలి, అది దాని లోపం.

ఉద్యోగులకూ పెన్షనర్లకూ ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉద్యోగుల ఆరోగ్య పథకం, మనం హెల్త్ కార్డు అని పిలుచుకునేది, వచ్చింది. అదీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవారి కోసమే. తెలంగాణలో 2016 చివర హైదరాబాదు ఖైరతాబాదులో మొదటి వెల్‌నెస్ సెంటరు తెరిచి ఓ.పి. చూడటం, మందులు ఇవ్వడం మొదలుపెట్టారు. 1954 నాటి డిస్పెన్సరీ ఆలోచనే అరవై ఏళ్ళు దాటిన తరువాత కొత్త పేరుతో తిరిగి వచ్చింది. 2018 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ ఏడాదికి 5 లక్షల వరకు ఇస్తుంది. 2024 అక్టోబరు నుండి 70 ఏళ్ళు నిండినవారందరికీ ఆదాయంతో పనిలేకుండా వర్తింపజేశారు. అదీ ఆస్పత్రి మంచానికే. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ 10 లక్షలకూ, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకూ పెంచాయి. ఎవరికి ఎక్కువ అని ఇరుపక్కల మన వాళ్ళు వాదించుకున్నారు. నెలకు కొన్ని వందల రూపాయల బిళ్ళలు కొనుక్కునేవారికి ఆ లక్షల మాట ఎందుకు పనికివస్తుంది?

ప్రైవేటు బీమాలో కొంత మార్పు వచ్చిన మాట నిజం. ముందే ఉన్న జబ్బులకు కంపెనీ వేచి ఉండమనే గడువు గరిష్ఠంగా నాలుగేళ్ళు ఉండేది. 2024 ఏప్రిల్ నుండి మూడేళ్ళకు తగ్గించారు. 65 ఏళ్ళు దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వకపోవడానికి ఆధారంగా ఉన్న వయోపరిమితి నిబంధనను కూడా ఆ నెలలోనే తీసివేశారు. ప్రీమియం ఎంత అడుగుతారన్నది వేరే కథ. కనుక షుగరు ఉన్నదని ప్రపోజల్ ఫారంలో దాచవలసిన పని లేదు. దాచితే మాత్రం క్లెయిము సమయంలో అదే అడ్డు వస్తుంది. మూడేళ్ళ గడువు ఉన్నా సరే, రాసి ఇవ్వడమే లాభం.

మందులు అందుబాటులో లేకపోవడం వలన జరిగేదేమిటో ఒక అంకె చూపుతుంది. పైన చెప్పిన వైద్య పరిశోధన మండలి సర్వేలోనే, తమకు షుగరు ఉన్నదని తెలిసినవారిలో దానిని అదుపులో ఉంచుకున్నవారు 36.3 శాతం మాత్రమే. షుగరు, బి.పి., కొలెస్టరాలు మూడూ అదుపులో ఉన్నవారు 7.7 శాతం. తెలియనివారి సంగతి కాదు ఇది, తెలిసినవారి సంగతి. ఇందులో మన బద్ధకం పాలు కొంత ఉన్నది, పండుగనాటి బొబ్బట్ల పాలు కొంత ఉన్నది. నెలాఖరుకు బిళ్ళలను రోజు విడిచి రోజు వేసుకునే ఇళ్ళ పాలు కూడా ఉన్నది. అటువంటి ఇళ్ళు మన సభ్యులలోనూ లేకపోలేదు.

మంచం ఎక్కకుండా మందు ఖర్చుకు నేరుగా ఇచ్చే ఏర్పాటు ఒకటి ఉన్నది, అది కేంద్ర పెన్షనర్లకు. సి.జి.హెచ్.ఎస్. డిస్పెన్సరీ లేని ప్రాంతాలలో ఉండేవారికి రోజువారీ వైద్య ఖర్చుల కింద నెలకు ఇంత అని ఇచ్చే నిర్ణీత వైద్య భత్యం అది. 1997 డిసెంబరులో నెలకు 100 రూపాయలతో మొదలైంది. 2008లో 300, 2014లో 500, 2017 జులై నుండి 1,000 అయింది. ఇరవై ఏళ్ళలో పది రెట్లు పెరిగిందని సంతోషించవచ్చు, ఒక ఇన్సులిన్ పెన్ను ధర చూసి ఊరుకోనూ వచ్చు. అయినా పద్ధతి సరైనది. మన రెండు రాష్ట్ర ప్రభుత్వాలకూ మహజరు ఇచ్చే సందర్భాలలో ఆస్పత్రి ప్యాకేజీల రేట్లూ, నెట్‌వర్కు ఆస్పత్రుల బకాయిలూ మొదటి పేజీలో ఉంటాయి, ఓ.పి. మందుల మాట చివరి పేజీలో ఎక్కడో ఉంటుంది. ఈసారి దానిని మొదటి పేజీలోకి తీసుకురావాలని కార్యవర్గానికి నా మనవి.